అణు ధూళి పడ్డ దీవికి తిరిగి వెళ్లే ముందు: రేడియేషన్ భద్రతను అంచనా వేయడం ఎలా?

1954 మార్చి 1 తెల్లవారుజామున పసిఫిక్ మహాసముద్రంలో మార్షల్ దీవుల్లోని బికినిలో అమెరికా 'కాసిల్ బ్రావో' అనే హైడ్రోజన్ బాంబును పేల్చింది. 6 మెగాటన్నులు ఉంటుందనుకున్న పేలుడు 15 మెగాటన్నులైంది. కొన్ని గంటలకు తూర్పున ఉన్న రాంగెలాప్‌లో తెల్లటి పొడి రాలడం మొదలైంది. పేలుడు వేడికి కాలి పైకి లేచిన పగడపు రాయి పొడి అది, అదే అణు ధూళి. సున్నం చల్లినట్టు ఇళ్ల మీద, తాగే నీళ్లలో, జనం తలల మీద పడింది. అదేమిటో తెలియక పిల్లలు దాంతో ఆడుకున్నారు. రెండు రోజులు గడిచాక గానీ వాళ్లను అక్కణ్నుంచి తరలించలేదు.

ఆ తర్వాత జరిగిందే ఈ వ్యాసానికి కారణం. 1957లో దీవి సురక్షితమని చెప్పి రాంగెలాప్ వాళ్లను తిరిగి పంపారు. వెళ్లిన కొద్ది కాలానికే వాళ్ల ఒంట్లో సీజియం-137 (అణు పేలుడులో పుట్టే రేడియోధార్మిక పదార్థం) పదుల రెట్లు పెరిగింది. 1985లో సుమారు 300 మంది ఆ దీవిని తామే వదిలేసి వెళ్లిపోయారు. బికినిదీ అదే కథ. 1946లో 167 మందిని ఖాళీ చేయించారు. 1968లో అధ్యక్షుడు జాన్సన్ ఇక తిరిగి వెళ్లవచ్చని ప్రకటించారు. 1970లలో కొన్ని కుటుంబాలు వెళ్లి ఇళ్లు కట్టుకున్నాయి. ఒంట్లో సీజియం బాగా పెరుగుతోందని తేలడంతో 1978లో వాళ్లను మళ్లీ పడవ ఎక్కించారు.

రెండు చోట్లా మీటర్లున్నాయి, శాస్త్రవేత్తలున్నారు. నేల మీద గామా కిరణాలను కొలిచారు కూడా. అక్కడి మనిషి రోజూ ఏం తింటాడన్న దానికి మాత్రం ఇవ్వాల్సిన బరువు ఇవ్వలేదు. అందుకే ఈ పని కంచం దగ్గర మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. హెల్త్ ఫిజిక్స్ (రేడియేషన్ నుంచి మనుషుల్ని కాపాడే శాస్త్రం) చదివేవాళ్లకు, పునరావాస సంస్థల్లో పనిచేసేవాళ్లకు, ఇలాంటి నివేదికలు చదివి వార్తలు రాసేవాళ్లకు ఉపయోగపడాలని మెట్టు మెట్టుగా రాస్తున్నాను. ఇది పాత అణు ధూళి గురించి. పేలుడో ప్రమాదమో జరిగి కొన్ని వారాలే అయితే తిరిగి వెళ్లడమన్న ప్రశ్నే లేదు.

1. హద్దు ఎంతో ముందే రాసుకోండి

కొలతలు వచ్చాక హద్దు పెట్టుకుంటే, వచ్చిన అంకెకు తగ్గట్టు హద్దు జరుగుతుంది. అందుకే మొదటి సమావేశంలోనే, దీవి వాళ్ల ఎదుట, వాళ్ల భాషలో దాన్ని రాయాలి. రాంగెలాప్ విషయంలో మార్షల్ దీవుల ప్రభుత్వం, అమెరికా ఒప్పుకున్న హద్దు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత). సహజంగా ఉండే రేడియేషన్ పోను అదనంగా వచ్చేదే లెక్క. దీవిలో దొరికేదే తిని బతికే మనిషిని దృష్టిలో పెట్టుకుని ఆ అంకె వేశారు. అణు నష్టపరిహారాల ట్రిబ్యునల్ ఇంకా కఠినంగా 0.15 మిల్లీసీవర్ట్ చాలన్నది. ఏ హద్దు ఎంచుకున్నా అది ఎవరి కోసం, ఏ తిండి తినేవాళ్ల కోసం అన్నది పక్కనే రాయండి. 'స్థానిక తిండి మాత్రమే' అన్న ఆ మూడు మాటలు లేకపోతే అంకెకు అర్థం లేదు.

సమ్మతి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. బ్రావో తర్వాత ఆ దీవుల వాళ్లను 'ప్రాజెక్ట్ 4.1' అనే వైద్య అధ్యయనంలో చేర్చారు, వాళ్ల అనుమతి అడగకుండానే. ఈ రోజుకీ అక్కడ పరీక్ష అంటే జనానికి టెన్షన్ ఉందంటే కారణం అదే. రక్తం, మూత్రం, నేల, కొబ్బరికాయ, ఏది తీసుకున్నా ఎందుకో చెప్పి తీసుకోవాలి. ఫలితం ముందుగా ఆ నమూనా ఇచ్చినవాళ్ల చేతికే వెళ్లాలి.

2. ఏ ధూళి, ఎప్పటిది, ఇప్పుడేం మిగిలింది

అణు ధూళిలో వందల రకాల పదార్థాలుంటాయి. చాలావరకు త్వరగా క్షీణించిపోతాయి. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. రాంగెలాప్ పిల్లల థైరాయిడ్‌ను దెబ్బతీసినవి ఇలాంటి అయోడిన్ రకాలే. పది, ఇరవై ఏళ్లు గడిచాక వాటి ఆనవాలు ఉండదు. మిగిలేవి ముఖ్యంగా నాలుగు: సీజియం-137, స్ట్రాన్షియం-90, ప్లుటోనియం, అమెరీషియం-241. మొదటి రెండూ దాదాపు 30 ఏళ్లకు సగమవుతాయి. ప్లుటోనియం-239కి 24 వేల ఏళ్లు పడుతుంది.

పగడపు దీవి నేల ఈ లెక్కను తలకిందులు చేస్తుంది, ఇక్కడ కాస్త నిదానించండి. సాధారణ నేలలో బంకమట్టి సీజియాన్ని గట్టిగా పట్టుకుంటుంది, మొక్కకు అంత తేలిగ్గా వదలదు. పగడపు దీవి నేలంతా కాల్షియం కార్బొనేటే. బంకమట్టి లేదు, పొటాషియం బాగా తక్కువ. సీజియం రసాయనికంగా పొటాషియానికి దగ్గరి చుట్టం. పొటాషియం కోసం ఆకలిగా ఉన్న కొబ్బరి వేరుకు సీజియం దొరికితే దాన్నే పీల్చుకుంటుంది. స్ట్రాన్షియం ఇందుకు విరుద్ధం. అది కాల్షియానికి చుట్టం, నేల నిండా కాల్షియమే ఉండడంతో మొక్కలోకి పెద్దగా పోదు. ఖండాల మీద తయారైన లెక్కల పట్టికలను తెచ్చి పగడపు దీవికి అతికిస్తే సీజియాన్ని తక్కువ అంచనా వేస్తాం.

ఒక మంచి సంగతి ఉంది. వానకు కొంత సీజియం కరిగి భూగర్భ జలంలోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి పోతుంది. అందువల్ల చెట్లలో అది 30 ఏళ్లకు కాకుండా సుమారు ఎనిమిది, తొమ్మిది ఏళ్లకే సగమవుతున్నట్టు ఆ దీవుల్లో చేసిన కొలతల్లో తేలింది. దీన్ని నమ్మి లెక్క వేయకండి, మీ దీవిలో ఏళ్ల తరబడి కొలిచి చూసుకోండి.

3. నేల మీద గామా సర్వే

దీవి పటం మీద గళ్లు గీసి, ప్రతి గడి దగ్గర నేలకు 1 మీటరు ఎత్తున కొలవాలి. ఇల్లు కట్టబోయే చోట, బడి, చర్చి, వంట చేసే చోట గళ్లు దగ్గర దగ్గరగా ఉండాలి. కొబ్బరి తోట మధ్యలో, ఒడ్డున, ఇంటి లోపల విడివిడిగా తీసుకోవాలి. ఒడ్డున అలలు కడిగిన ఇసుక మీద అంకె తక్కువ వస్తుంది, తోటలో కుళ్లిన ఆకుల మీద ఎక్కువ వస్తుంది. రెంటినీ కలిపి సగటు తీస్తే ఏ మనిషి బతుకూ ఆ సగటులో ఉండదు.

సహజ రేడియేషన్‌ను తీసేసేటప్పుడు పొరపడే ప్రమాదం ఉంది. పగడపు దీవిలో గ్రానైట్ లేదు, యురేనియం, థోరియం నామమాత్రం. నేల నుంచి సహజంగా వచ్చేది దాదాపు సున్నా. హైదరాబాద్ బండరాళ్ల మధ్య పెరిగిన మనకు మామూలుగా అనిపించే అంకె అక్కడ కనిపిస్తే, అందులో చాలా భాగం బాంబుదే కావచ్చు. కాబట్టి పోలికకు ధూళి పెద్దగా పడని మరో పగడపు దీవిని తీసుకోండి. మార్షల్ దీవుల్లో దక్షిణాన ఉన్న రాజధాని మజూరో ఇందుకు పనికొస్తుంది.

బికిని, రాంగెలాప్ లాంటివి ఒక్కొక్కటీ సముద్రపు సరస్సు చుట్టూ వలయంలా ఉన్న చిన్న దీవుల గుంపు. ఒకే వలయంలోని చిన్న దీవులన్నీ ఒకేలా ఉండవు. రాంగెలాప్‌లో జనం ఉండే దీవి దక్షిణాన ఉంది. ఉత్తరాన ఉన్న దీవుల మీద ధూళి ఎన్నో రెట్లు ఎక్కువ పడింది. జనం ఉత్తరానికి వెళ్లరనుకుని లెక్కలోంచి తీసేయకూడదు. కొబ్బరి పీతల కోసం, పక్షుల గుడ్ల కోసం, ఎండు కొబ్బరి కోసం వెళ్తారు, తరతరాలుగా అవి వాళ్లవే. అణు పరీక్షలు జరిగిన మరో వలయం ఎనెవెటక్‌లో 1980లో తిరిగి వచ్చినవాళ్లు దక్షిణ దీవుల్లోనే ఉంటున్నారు. ఉత్తరాన ఎంజెబీ దీవికి చెందిన కుటుంబాలు సొంత గడ్డ మీదికి వెళ్లలేకపోయాయి.

4. నేలను లోతుగా తవ్వి చూడండి

పైపొర ఒక్కటే తీసుకుంటే సరిపోదు. 0–5, 5–10, 10–15, 15–25, 25–40 సెంటీమీటర్ల పొరలు విడిగా తీయండి. వేళ్లు ఎక్కువగా ఏ పొరలో ఉన్నాయో రాసుకోండి. ఆరబెట్టి, జల్లెడ పట్టి, గామా కిరణాల శక్తిని బట్టి పదార్థాలను వేరు చేసే జెర్మేనియం డిటెక్టర్ మీద గంటల తరబడి ఉంచితే సీజియం, అమెరీషియం లెక్క తేలుతుంది. చేతిలో పట్టుకునే గైగర్ మీటర్‌తో ఇది కుదరదు. సీజియం 662 కిలోఎలక్ట్రాన్‌వోల్ట్ల (కిరణ శక్తికి కొలత) దగ్గర, సహజమైన పొటాషియం-40 1460 దగ్గర కనబడతాయి, ఆ రెంటినీ గైగర్ వేరు చేయలేదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం సహజంగానే ఎక్కువ కాబట్టి ఈ తేడా తెలియకపోతే లేని భయమో, ఉన్న ప్రమాదాన్ని కొట్టిపారేయడమో జరుగుతుంది.

ప్లుటోనియానికి రసాయన పరీక్ష విడిగా కావాలి. అది మొక్కలోకి పెద్దగా ఎక్కదు. దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోవడమే ప్రమాదం. నేల చదును చేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, మట్టిలో ఆడుకుని చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలు దీనికి లెక్కలోకి వస్తారు.

5. కంచం: ఎక్కువ రోజులు ఇక్కడే గడపండి

మూడు నాలుగు రోజుల్లో ముగించే ప్రశ్నాపత్రంతో పని జరగదు. వంటింట్లో కూర్చుని, వండే ఆడవాళ్లతో మాట్లాడి, తూకం పెట్టి రాయాలి. ఏడాదిలో కనీసం రెండు కాలాల్లో రాయాలి. సీమపనస కాసే కాలంలో తిండి వేరు, మొగలి పండు కాలంలో వేరు. మనకు మొగలి అంటే పువ్వు, అత్తరు. మార్షల్ దీవుల్లో ఆ జాతి చెట్టు పండును పిల్లలు చీకి చీకి తింటారు, గుజ్జు తీసి నిల్వ పెట్టుకుంటారు. ఆ పండులోకి సీజియం బాగా ఎక్కుతుంది.

'కొబ్బరి' అని ఒక్క వరస రాసి వదిలేస్తే పని చెడిపోయినట్టే. కోనసీమలో పెరిగినవాళ్లకు నేను దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. లేత బొండం నీళ్లు వేరు, లేత మీగడ వేరు, ముదురు కొబ్బరి వేరు. మొలకెత్తిన కాయలో మెత్తగా ఉండే కొబ్బరి పువ్వు వేరు, గెల కోసి దింపే కల్లు వేరు, ఆ కల్లును కాచి చేసే పాకం వేరు. మార్షల్ దీవుల వాళ్లు ఇవన్నీ తింటారు, తాగుతారు. కల్లు పాకాన్ని చంటిపిల్లలకు కూడా పెడతారు. కల్లును కాచి చిక్కబరిస్తే అందులోని సీజియం కూడా చిక్కబడుతుంది. ఒక్కొక్కదానికీ విడి వరస, విడి నమూనా, రోజుకు ఎన్ని గ్రాములన్నది విడిగా ఉండాలి.

నమూనా తీసే పద్ధతి ఇది. చెట్టుకు నంబరు పలక కట్టి, చోటును జీపీఎస్‌లో గుర్తించండి. పక్కపక్కనే ఉన్న రెండు చెట్ల కాయల్లో సీజియం కొన్ని రెట్లు తేడా ఉండొచ్చు కాబట్టి చాలా చెట్లు కావాలి. పీచు తీసేటప్పుడు కాయ మీది మట్టి లోపలికి పడకూడదు. కాయకు కన్నం పెట్టి నీళ్లను శుభ్రమైన సీసాలోకి వంపి కొలవండి. కాయ పగలగొట్టి కొబ్బరిని చెక్కి తూచండి. రెంటికీ ఒకే చెట్టు నంబరు రాయండి. వచ్చే ఏడాదీ అదే చెట్టు దగ్గరికి వెళ్లాలి.

చేపల సంగతి తేలిక. సముద్రపు నీళ్లలో పొటాషియం పుష్కలం, సీజియం పలచబడిపోతుంది, కాబట్టి సరస్సు చేపల్లో అది తక్కువే. కొబ్బరి పీత అలా కాదు. అది నేల మీద బతికి కొబ్బరే తింటుంది, రాలిన తన పెంకునూ తినేస్తుంది. రాంగెలాప్ వాళ్లు తిరిగి వెళ్లాక దాన్ని తినొద్దని చెప్పాల్సి వచ్చింది. కొబ్బరి పిప్పి తిని పెరిగే పందులను, కోళ్లను కూడా మర్చిపోవద్దు. తాగే నీళ్లు వాన తొట్టివా బావివా అన్నదీ రాసుకోండి.

ఓడ సంగతి కూడా అడగాలి. బియ్యం, పిండి, డబ్బాల తిండి తెచ్చే ఓడ ఎన్ని నెలలకొకసారి వస్తుంది? రాకపోతే ఏం తింటారు? బయటి దీవుల్లో ఓడ ఆలస్యం కావడం మామూలు విషయం. ఓడ సమయానికి వస్తుందన్న ఊహ మీద వేసిన అంచనా, ఓడ రాని నెలలో కూలిపోతుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1998లో బికిని మీద ఇచ్చిన నివేదికలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. స్థానిక తిండి మాత్రమే తింటే ఏడాదికి సుమారు 15 మిల్లీసీవర్ట్‌లు, దిగుమతి తిండి కలిపి తింటే సుమారు 4. ఉన్న పరిస్థితుల్లో శాశ్వతంగా అక్కడ స్థిరపడవద్దనే ఆ సంస్థ చెప్పింది.

6. లెక్క వేయడం

ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను. ఈ అంకెలు పద్ధతి చూపించడానికి నేను వేసుకున్నవి, ఏ దీవివీ కావు.

బయటి నుంచి వచ్చేది ముందు చూద్దాం. సహజ రేడియేషన్ తీసేశాక, ఇంట్లో గంటకు 0.02 మైక్రోసీవర్ట్‌లు (మైక్రోసీవర్ట్ మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు), ఊళ్లో 0.04, తోటలో 0.15 అనుకుందాం. మనిషి ఇంట్లో 12 గంటలు, ఊళ్లో 8, తోటలో 4 గంటలు ఉంటే రోజుకు 0.24 + 0.32 + 0.60 = 1.16 మైక్రోసీవర్ట్‌లు. ఏడాదికి సుమారు 0.42 మిల్లీసీవర్ట్. ఇక్కడ ఆగితే 'హద్దు 1, వచ్చింది సగం లోపే, సురక్షితం' అని సంతకం పెట్టేస్తాం.

ఇప్పుడు తిండి. ఇందులో రేడియోధార్మికతను బెకెరల్‌లలో కొలుస్తారు, ఒక బెకెరల్ అంటే సెకనుకు ఒక పరమాణువు క్షీణించడం. ముదురు కొబ్బరి 200 గ్రాములు, కిలోకు 600 బెకెరల్‌ల సీజియం చొప్పున 120. బొండం నీళ్లు అర లీటరు, లీటరుకు 200 చొప్పున 100. మొగలి పండు 100 గ్రాములు, కిలోకు 500 చొప్పున 50. సీమపనస 150 గ్రాములు, కిలోకు 200 చొప్పున 30. మొత్తం రోజుకు 300 బెకెరల్‌లు, ఏడాదికి 1,09,500. పెద్దవాళ్లకు ఒక బెకెరల్ సీజియం-137 లోపలికి పోతే 0.013 మైక్రోసీవర్ట్ అని అంతర్జాతీయంగా వాడే అంకె. అంటే 1.42 మిల్లీసీవర్ట్‌లు. రెండూ కలిపితే 1.84, హద్దు దాటిపోయింది. ఓడ ఏడాదిలో 90 రోజులు రాక, ఆ రోజుల్లో స్థానిక తిండి రెట్టింపయితే ఇంకో 0.35 కలుస్తుంది.

దీనికి స్ట్రాన్షియాన్ని, ప్లుటోనియం దుమ్మును విడిగా కలపండి. చంటిపిల్లలకు, గర్భిణులకు, రోజంతా తోటలో కొబ్బరి కొట్టే మనిషికి వేర్వేరుగా లెక్క వేయండి. స్ట్రాన్షియం విషయంలో ఏడాది బిడ్డకు పెద్దవాళ్ల గుణకం (ఒక బెకెరల్‌కు ఎన్ని సీవర్ట్‌లన్న అంకె) వాడకూడదు, బిడ్డ గుణకం పెద్దవాళ్లదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. సగటు మనిషి లెక్క నివేదిక మొదటి పేజీలో ఒక్కటే నిలబడకూడదు. ఎక్కువగా తినేవాళ్ల అంకె కూడా దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

7. తగ్గించే దారులు

నేల పైపొరను 30, 40 సెంటీమీటర్లు గీసి తీసేస్తే సీజియం పోతుంది. కానీ పగడపు దీవిలో సారమంతా ఆ పొరలోనే ఉంది. చెట్లు పోతాయి, నీడ పోతుంది, మళ్లీ నేల తయారవడానికి తరాలు పడుతుంది. తీసిన మట్టి ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. ఎనెవెటక్‌లో 1977–80 మధ్య సుమారు 85 వేల ఘనపు మీటర్ల మట్టిని, శిథిలాలను రునిట్ దీవిలో బాంబు తవ్విన గోతిలో పోసి పైన కాంక్రీట్ మూత వేశారు. ఆ గోతికి అడుగున కాంక్రీట్ లేదు.

నాకు ఎక్కువ తెలివైనదిగా కనిపించేది పొటాషియం పద్ధతి. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు బికినిలో కొబ్బరి చెట్లకు పొటాషియం క్లోరైడ్ వేసి చూశారు. మన రైతులు కొబ్బరి మొక్క పాదులో వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఇదే. వేరుకు పొటాషియం ఆకలి తీరాక సీజియం జోలికి వెళ్లలేదు, కాయల్లో అది ముందున్న దానిలో 5–10 శాతానికి పడిపోయింది. మన ఉదాహరణలో తిండి అంతటిలోనూ పది శాతమే మిగిలిందనుకుంటే, ఆ భాగం 1.42 నుంచి 0.14కు వస్తుంది, మొత్తం 0.56. చెట్టు కాయ ఇవ్వడం మానదు సరికదా, ఇంకా బాగా ఇస్తుంది. అయితే సీజియం నేలలోనే ఉంటుంది. ఎరువు ప్రభావం తగ్గే లోపు మళ్లీ వేయాలి, ఎవరు కొంటారు, ఎవరు మోస్తారు అన్నది ముందే తేలాలి. రాంగెలాప్‌లో తోటలకు పొటాషియం, ఊరి చోట పైమట్టి తీసి పగడపు గులక పరచడం, ఈ రెండూ కలిపి చేశారు.

8. వెళ్లాక ఒంటిని కొలవడం

అంచనా ఎంత బాగా వేసినా అది కాగితమే. మనిషి ఒంట్లో ఉన్న సీజియాన్ని హోల్ బాడీ కౌంటర్ అనే కుర్చీ లాంటి యంత్రంలో కూర్చోబెట్టి నేరుగా కొలవవచ్చు, సూది అక్కర్లేదు. రాంగెలాప్, ఎనెవెటక్, మజూరోలలో 2000 ప్రాంతం నుంచి ఇవి పెట్టి, స్థానికులకే నడపడం నేర్పారు. ప్లుటోనియానికి మూత్ర పరీక్ష ఉంది. జనం వెళ్లే ముందు ఒకసారి, వెళ్లాక మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, తర్వాత ఏడాదికి రెండుసార్లు అయినా కొలవాలని నా అభిప్రాయం. సీజియం పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 100 రోజులకు సగమవుతుంది. అందువల్ల ఏడాదిలోపే అంచనా నిజమో కాదో బయటపడుతుంది. రోజుకు 200 బెకెరల్‌లు తినే మనిషి ఒంట్లో చివరికి సుమారు 29 వేల బెకెరల్‌లు నిలుస్తాయి, అదే ఏడాదికి 1 మిల్లీసీవర్ట్‌కు దగ్గర.

కొలిచిన రోజే ఒక చీటీ మార్షలీస్ భాషలో ఆ మనిషి చేతికివ్వాలి. క్రితంసారి ఎంత, ఇప్పుడు ఎంత, ఒప్పుకున్న హద్దు ఎంత, ఈ మూడూ ఉంటే చాలు.

9. ఒప్పందంలో చివరి పేరా

అంకె హద్దు దాటితే ఏం చేస్తారో వెళ్లే ముందే రాయండి. ఎన్నిసార్లు వరసగా దాటితే తిండి సరఫరా పెంచాలి, ఎప్పుడు ఖాళీ చేయాలి, ఆ నిర్ణయం ఎవరిది, ఎక్కడ ఉంచుతారు, ఖర్చు ఎవరిది. 1985లో రాంగెలాప్ వాళ్లకు ఈ పేరా లేదు. రాంగెలాప్ సెనేటర్ జెటాన్ అంజైన్ సాయం కోసం తట్టని తలుపు లేదు. చివరికి పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్ల ఓడ రెయిన్‌బో వారియర్ వచ్చింది. ఇళ్ల చెక్కలు, రేకులు విప్పి ఓడలోకి ఎక్కించుకుని, ముసలివాళ్లను, పిల్లలను తీసుకుని, విడతలు విడతలుగా క్వాజలీన్ వలయంలోని మెజాట్టో అనే చిన్న దీవికి చేరారు.